మంచు తుపానులో చిక్కితే: తవ్వుకుని కూర్చోవాలా, దిగిపోవాలా?

కొండదారి:
బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ (రిసార్టులకు దూరంగా, కొండల్లో మంచు మీద స్కీలతో సాగడం) చేసేవాళ్ళ అభిప్రాయం కావాలి. చెట్లు మొదలయ్యే చోటు ఇంకా రెండు గంటల దూరం. గాలి ఒక్కసారిగా పెరిగింది, ముందున్న మనిషి కనబడటం లేదు. అప్పుడేం చేస్తారు? మా బృందంలో కొందరు వెంటనే మంచు తవ్వి లోపల దూరాలంటారు. నా ఉద్దేశంలో ఒళ్ళు వేడిగా ఉన్నంతసేపూ కదలాలి. ఆగితే చలికి బలైపోతాం.

నీలిశిఖరం:
నేను తవ్వమనే పక్షం, అదీ గట్టిగా. 2018 ఏప్రిల్ చివర్లో స్విస్ ఆల్ప్స్‌లో పిన్ దారోలా దగ్గర 14 మంది స్కీయర్లు తుపానులో దారి తప్పి రాత్రంతా బయటే గడిపారు. ఏడుగురు చనిపోయారు. వాళ్ళు చిక్కుకున్న చోటికి స్కీయర్లు బస చేసే గుడిసె కొన్ని వందల మీటర్ల దూరమే. అంత దగ్గరున్నా కనబడలేదు. వైట్‌అవుట్ అంటే అదే. నేలా ఆకాశం ఒకటైపోతాయి, మీ స్కీలు కదులుతున్నాయో ఆగాయో కూడా తెలియదు.

పైగా మనవి క్రాస్ కంట్రీ స్కీలు. సన్నవి, మడమ బిగించి ఉండదు. పైన గట్టిపడి కింద మెత్తగా ఉండే మంచులో, వాలు కనబడకుండా వాటి మీద దిగడం పగలే కష్టం. ఎక్కేటప్పుడు పట్టిన చెమటతో లోపలి బట్టలు తడిగా ఉంటాయి. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 50 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి తగిలే చలి మైనస్ 22తో సమానం. అదే మంచు గోడల మధ్య గాలి ఉండదు. బయట ఎంత చలి ఉన్నా లోపల సున్నాకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కదలడం వల్ల పుట్టే వేడి కంటే గాలి లాక్కునే వేడి ఎక్కువైతే ఆ కదలిక ఎవరికి లాభమండి?

కొండదారి:
మరి మౌంట్ హుడ్ సంగతి? 1986 మే 12న అమెరికాలో 13 మంది స్కూలు బృందం అక్కడ తుపానులో చిక్కి స్నో కేవ్, అంటే మంచు గుహ, తవ్వుకుంది. మర్నాడు ఇద్దరు సాయం కోసం దిగారు, ఆ ఇద్దరూ బతికారు. గుహ మంచులో పూడిపోయింది, వెతికేవాళ్ళకి 15న గానీ దొరకలేదు. మొత్తం తొమ్మిది మంది పోయారు. 2024 మార్చిలో జెర్మాట్ నుంచి అరోలాకి బయల్దేరిన ఆరుగురు స్కీయర్లు కూడా గుహ తవ్వే ప్రయత్నం చేశారట, ఐదుగురి శవాలు దొరికాయి. దిగినవాళ్ళే బతికారని నేననను. తవ్వితే బతుకుతామన్న భరోసా కూడా లేదంటున్నాను.

తెల్లవాలు:
మీరిద్దరూ ఒక సంగతి వదిలేశారు. తవ్వడానికి సరిపడా లోతైన మంచు ఎక్కడుంటుంది? గాలికి చాటు వైపున. గాలి మంచుని మోసుకొచ్చి పోసేది అక్కడే. ఆ వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే అవలాంచ్‌కి (వాలు మీది మంచు ఒక్కసారిగా జారిపడటానికి) అనువైన చోటు కూడా అదే. ముందు వాలు చూసుకోండి, తర్వాతే పార తీయండి.

నీలిశిఖరం:
తెల్లవాలు గారన్నది నూటికి నూరు శాతం నిజం. అలాంటి చోట తవ్వకూడదు.

కొండదారి గారూ, మౌంట్ హుడ్‌ని నేను మరోలా చదువుతాను. గుహ తవ్వేసరికే వాళ్ళలో కొందరి ఒళ్ళు చల్లబడిపోయింది. గుహ ఉన్న వేడిని నిలుపుతుంది గానీ, పోయిన వేడిని తెచ్చివ్వదు. అందుకే నేను చూసుకునేది టైమ్ కాదు, వేళ్ళు. గ్లవ్ తీసి బొటనవేలితో చిటికెనవేలిని తాకండి. అందకపోతే ఇప్పటికే ఆలస్యమైంది. ఆ వేళ్ళతో బూటు ముందు కడ్డీ దగ్గర పేరుకున్న ఐసు గీకలేరు, బూటుని స్కీకి బిగించే బైండింగ్‌లో పెట్టలేరు. అంటే దిగడం కూడా కుదరదు. వేళ్ళు అందుతుండగానే, వెలుతురుండగానే ఆగమంటాను.

ఇంకో మాట. పూర్తి గుహకి రెండు మూడు గంటలు పడుతుంది, తవ్వే మనిషి తడిసి ముద్దవుతాడు. నేనైతే గుహ జోలికి పోను. ఛాతీ లోతు కందకం తవ్వి, స్కీలు అడ్డంగా పరిచి, మీద టార్ప్ (నీరు పట్టని పట్టా) కప్పి, అంచుల మీద మంచు పోస్తాను. అరగంటలో గాలి తప్పుతుంది. బ్యాగు పరిచి దాని మీద కూర్చోవాలి, కింది మంచు కూడా వేడి లాగేస్తుంది.

కొండదారి:
కందకం వాదన ఒప్పుకుంటాను. గుహ మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. చెట్లు అరగంట దూరంలో ఉండి, జీపీఎస్‌లో వచ్చిన దారి ఉంటే?

నీలిశిఖరం:
దారిలో అవలాంచ్ వాలు లేకపోతే, బృందంలో అందరి వేళ్ళూ పనిచేస్తుంటే, దిగుతాను. ఒక్కరికి వణుకు మొదలై మాట తడబడినా దిగను. కందకంలో స్టవ్ వెలిగిస్తే గాలి రంధ్రం తెరిచే ఉంచండి, స్కీ పోల్‌తో మాటిమాటికీ పొడుస్తూ ఉండాలి. స్టవ్ నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఒక పోల్‌కి రంగు గుడ్డ కట్టి బయట నిలబెట్టండి, మంచు పెరిగే కొద్దీ పైకి లాగుతూ ఉండండి. వెతికేవాళ్ళకి మీరు కనబడాలి.