పదేళ్ల లక్ష్యం మూడో నెలకే ఎందుకు ఆగిపోతుంది?

ప్రశ్న: పదేళ్లకు సరిపడా పెద్ద లక్ష్యం పెట్టుకోవాలి. జీవిత పరమార్థం ముందు తేలాలా, లక్ష్యం ముందా?

జవాబు 1: పరమార్థం కూర్చుని ఆలోచిస్తే తేలదండీ. రెండు వారాలు రోజూ రాత్రి రెండు ముక్కలు రాయండి: ఏ పనిలో టైమ్ తెలియలేదు, ఏది వాయిదా వేశారు. మళ్లీ మళ్లీ కనిపించిన పనిని 90 రోజులు, వారానికి 5 గంటల చొప్పున చేసి చూడండి. అందులో విసుగొచ్చే భాగాన్నీ భరించగలిగితేనే అది మీది. మెప్పు కోసం ఎంచుకున్నవి ఇక్కడే రాలిపోతాయి.

జవాబు 2: పదేళ్లదానికి ఒక్క వాక్యం చాలు. మూడేళ్లకు కొలవగలిగే ఫలితం, ఈ మూడు నెలలకు చేతిలో పని ఉండాలి. "బాగా రాయాలి" కాదు, "వారానికి 3 పేజీలు". మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ పరిశోధనల్లో తేలిందీ ఇదే: "చేతనైనంత చేస్తా" కన్నా కష్టమైన, కచ్చితమైన లక్ష్యమే ఎక్కువ పని చేయిస్తుంది. అయితే పనే ఇంకా రాని దశలో ఫలితానికి అంకె పెడితే బెడిసికొడుతుంది. అప్పుడు "ఈ నెల మూడు పద్ధతులు నేర్చుకోవాలి" లాంటిది పెట్టుకోండి.

జవాబు 3: ఒకేసారి ఐదు లక్ష్యాలొద్దు, రెండు చాలు. ఎప్పుడు, ఎక్కడ అన్నదీ రాయండి: "ఉదయం 6కి, ముఖం కడగ్గానే, ఈ బల్ల దగ్గర". గడువు అంచనాకు సగం కలపండి, అందరం తక్కువే వేస్తాం.

ప్రశ్న అడిగినవారు: మధ్యలో మార్చాలనిపిస్తే?

జవాబు 2: 90వ రోజు దాకా ఆగండి. నీరసంగా ఉన్న రోజున మాత్రం నిర్ణయించకండి.