లోకల్ కేబుల్‌లో అభ్యర్థి యాడ్, డబ్బు డల్లాస్ నుంచి: వేయొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది చిన్న కేబుల్ చానల్. మా నియోజకవర్గంలో అసెంబ్లీ ఉప ఎన్నిక, పోలింగ్‌కు ఇంకా పన్నెండు రోజులుంది. రాత్రి ఒక అభ్యర్థి అభిమాని పెన్‌డ్రైవ్ తెచ్చి, ముప్పై సెకన్ల వీడియో రోజుకు ఇరవైసార్లు వేయమన్నాడు. డబ్బు డల్లాస్‌లో ఉన్న వాళ్ల బావ పంపుతాడట. వేస్తే ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: అలా వేసేయకు తమ్ముడూ. టీవీలోనైనా కేబుల్‌లోనైనా రాజకీయ ప్రకటనకు ముందే సర్టిఫికెట్ కావాలి. ఈ నియమం మన దగ్గర మొదలైన కేసుతోనే వచ్చింది. జెమినీ టీవీ వ్యవహారం ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2004 ఏప్రిల్ 13న ఉత్తర్వు వచ్చింది. జిల్లాలో ఎంసీఎంసీ, అంటే ఎన్నికల ప్రకటనల్ని పరిశీలించి సర్టిఫికెట్ ఇచ్చే కమిటీ, దీన్ని చూస్తుంది. పార్టీ, అభ్యర్థి అయితే 3 రోజుల ముందు, బయటివాళ్లయితే 7 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. యాడ్ రెండు కాపీలు, ధ్రువీకరించిన స్క్రిప్టు, తయారీ ఖర్చు, ఎన్నిసార్లు, ఏ రేటుకు అన్నీ రాయాలి. చెల్లింపు చెక్కు లేదా డీడీతోనే.

అసలు చిక్కు ఇక్కడుంది. బయటివాళ్లు యాడ్ ఇస్తే, అది ఏ పార్టీకీ అభ్యర్థికీ మేలు చేయడానికి కాదని ప్రమాణం చేసి రాసివ్వాలి. ఆ వీడియో నిండా అభ్యర్థి ముఖం, గుర్తు ఉంటే ఆ ప్రమాణం అబద్ధమే కదా! పైగా అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన కోసం ఇంకొకరు ఖర్చుపెట్టడం కూడా నేరమే. అభ్యర్థి పేరు మీదే దరఖాస్తు పెట్టించు. ఖర్చు ఆయన 40 లక్షల పరిమితిలోకి వస్తుంది.

ప్రశ్న: ఆ బావకి అమెరికా పౌరసత్వం, ఓసీఐ కార్డు ఉన్నాయట. నేరుగా పార్టీకి విరాళం పంపితే?

జవాబు: కుదరదు. ఓసీఐ అంటే భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు. అదున్నా ఆయన విదేశీయుడే, పార్టీ తీసుకోకూడదు. ఆయన ఆ అభిమానికి బావే తప్ప అభ్యర్థికి బంధువు కాదు కాబట్టి, బంధువుగా అభ్యర్థికి ఇచ్చే దారీ లేదు. భారత పాస్‌పోర్టు ఉంటే పంపొచ్చు, 20,000 దాటితే పార్టీ ఆ పేరు ఎన్నికల సంఘానికి చెప్పాలి. అమెరికాలోనూ ఇలాంటిదే ఉంది: గ్రీన్‌కార్డు ఉంటే అక్కడి అభ్యర్థులకు ఇవ్వొచ్చు, హెచ్1బీ మీద ఉంటే ఇవ్వకూడదు. మన పిల్లలకు ఇది ముందే చెప్పడం మంచిది.

ఇంకో మాట. పోలింగ్ సాయంత్రం 6కి ముగుస్తుందంటే, రెండు రోజుల ముందు సాయంత్రం 6 నుంచి సర్టిఫికెట్ ఉన్నా వేయకూడదు. రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆటో ప్లేలిస్టులోంచి ఫైలు తీసేయ్, కింద తిరిగే స్క్రోలింగ్ కూడా మర్చిపోకు.

ప్రశ్న: స్క్రోలింగ్ సంగతి నాకసలు తట్టనేలేదన్నా. పెన్‌డ్రైవ్ పొద్దున్నే తిరిగిచ్చేసి, అభ్యర్థి ఏజెంటునే రమ్మంటాను.