ఆరేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు: మాతో రోడ్డు సైక్లింగ్ ఎలా మొదలుపెట్టించాలి?

కోకాపేట_గేర్:

మేమిద్దరం రోడ్ బైకులు తొక్కుతాం. ఇక పిల్లల్నీ వెంట తీసుకెళ్దామని ఉంది. పాపకు ఆరేళ్లు, ఎత్తు 115 సెం.మీ., కాలి లోపలి కొలత (నేల నుంచి గజ్జల దాకా) 50 సెం.మీ. పక్క చక్రాలున్న 16 అంగుళాల సైకిల్ ఉంది. బాబుకు తొమ్మిదేళ్లు, 134 సెం.మీ., కాలి కొలత 61. అపార్ట్‌మెంట్ ఆవరణలో బాగానే తొక్కుతాడు. వాడికి వంపు హ్యాండిల్ ఉన్న 24 అంగుళాల రోడ్ బైక్ కొనొచ్చా? పాపకు పక్క చక్రాలు ఎలా మాన్పించాలి? ముందు హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన ఉన్న సోలార్ సైకిల్ ట్రాక్, తర్వాత మామూలు రోడ్డు అనుకుంటున్నాం. ఏ వరసలో వెళ్లాలో చెప్పండి.

పానా_15:

పాప సంగతి ముందు. పక్క చక్రాలను కొంచెం కొంచెం పైకి లేపుతూ పోవడం మానేయండి. అవి ఉన్నంతకాలం సైకిల్ ఒరగదు, కాబట్టి మలుపులో పాప ఒళ్లు బయటికి వాలుస్తుంది. తీసేసిన రోజు అదే అలవాటు పడేస్తుంది. పక్క చక్రాలతో పాటు పెడళ్లు కూడా ఒకేసారి తీసేయండి.

పెడళ్లకు 15 నంబరు పానా కావాలి. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది, చాలామంది అక్కడే బలంగా తిప్పి మర పాడుచేస్తారు. గుర్తుకు ఒక చిట్కా: పానాను నిట్టనిలువుగా పైకి పెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్లూ ఊడతాయి. పక్క చక్రాలు వెనక ఇరుసు నట్లకే బిగించి ఉంటాయి. అవి తీశాక చక్రం ముందుకు జరిగి చైను వదులవుతుంది. చక్రాన్ని వెనక్కి లాగి, చైను మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు ఆడేలా, చక్రం ఫ్రేము మధ్యలో తిరిగేలా చూసి బిగించండి.

సీటు నేల నుంచి 48 సెం.మీ.కు దించండి, రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. ఏ మాత్రం వాలున్న సిమెంటు దారైనా చాలు. నేలను తన్నుకుంటూ పోనివ్వండి. రెండు కాళ్లూ ఎత్తి పది మీటర్లు జారుకుంటూ పోయి, బ్రేకుతో (కాళ్లతో కాదు) ఆగగలిగితే పెడళ్లు బిగించేయండి. కొందరికి రెండు రోజులు, కొందరికి మూడు వారాలు. తొందరపెట్టకండి. బయల్దేరేటప్పుడు కుడి పెడలు గడియారంలో రెండు గంటల చోట ఉండాలి. అన్నిటికంటే కిందికి ఉంటే తొక్కు పడదు, సైకిల్ ఒరిగిపోతుంది. మీరు సీటునో హ్యాండిల్‌నో పట్టుకోవద్దు. పట్టుకోవాల్సొస్తే చంకల కింద పట్టుకోండి, బరువు ఎటు వాలుతోందో పాపకే తెలియాలి.

బ్రేకు లివరు కూడా చూడండి. చిన్న పిల్లల సైకిళ్లలో చాలావాటికి లివరు వేళ్లకు అందదు. లివరు మీద ఒక చిన్న మర ఉంటుంది, అది బిగిస్తే లివరు హ్యాండిల్‌కు దగ్గరవుతుంది. చూపుడు వేలి మొదటి కణుపు దాని మీద పడాలి. అయినా గట్టిగా ఉంటే తప్పు వేలిది కాదు, కేబులుది. లోపలి తీగ మార్చి ఒక చుక్క నూనె వేయించండి.

ఇంకోటి, హెల్మెట్. కనుబొమల నుంచి రెండు వేళ్ల ఎత్తులో మొదలవ్వాలి. పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒక వేలే దూరాలి. నడినెత్తిన జుట్టు కట్టి హెల్మెట్ పెడితే అది ముందుకు జారి కళ్ల మీదికొస్తుంది. రెండు జడలు కిందికి వేయండి.

గాలిపంపు:

బాబుకు వంపు హ్యాండిల్ ఇప్పుడే వద్దంటాను. 134 సెం.మీ. పిల్లాడికి పై పట్టు నుంచి బ్రేకు లాగే బలం తక్కువ. కింది పట్టుకు వంగితే దారి మీద చూపు తగ్గుతుంది. తిన్నని హ్యాండిల్, సస్పెన్షన్ లేని ఫోర్కు, 24 అంగుళాల చక్రాలు, ముందు ఒకే పళ్లచక్రం, వెనక 7 గేర్లు: అంతే. ముందు సస్పెన్షన్ అంటే పిల్లలకు మోజే గానీ, ఆ బరువున్న పిల్లాడి కింద అది సరిగ్గా అణగదు, ఒకటి రెండు కిలోల భారం మాత్రం మోయాలి. దుకాణానికి తూకం వేసే కాటా పట్టుకెళ్లండి, నవ్వితే నవ్వనివ్వండి. 28 కిలోల పిల్లాడికి 14 కిలోల సైకిలంటే మీకు 35 కిలోల సైకిల్ ఇచ్చినట్టు.

ముళ్ల టైర్లు వస్తే నున్నటివి, 1.5 అంగుళాలవి వేయించండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘24 అంగుళాలు’ అని రాసిన టైర్లన్నీ ఒకటి కాదు: 507, 520, 540 లాంటి వేర్వేరు కొలతలు దొరుకుతాయి, ఒకటి ఇంకోదానికి ఎక్కదు. పాత టైరు పక్కన 47-507 లాంటి సంఖ్య ఉంటుంది, అందులో రెండో సంఖ్య (507) కలవాలి. 20 అంగుళాల్లో కూడా 406, 451 గొడవ ఉంది. గాలి 35-40 పీఎస్‌ఐ చాలు. మీ బైకు లెక్కన కొడితే సైకిల్ ఎగిరెగిరి పడుతుంది.

వేగం సంగతి. రేపు పాప 20 అంగుళాల ఒకే గేరు సైకిల్‌కు మారిందనుకోండి. ముందు 32 పళ్లు, వెనక 16 ఉంటే పెడలు ఒక చుట్టుకు దాదాపు 3 మీటర్లు వెళ్తుంది. నిమిషానికి 70 చుట్లు తిప్పినా గంటకు దాదాపు 12.6 కి.మీ.కు మించదు. ముందు 34, వెనక 28 పళ్ల గేరులో మీరు నింపాదిగా తొక్కితే దాదాపు ఆ వేగమే. పాపను ‘ఇంకా గట్టిగా’ అనకండి, గేరు మీరు మార్చుకోండి.

ఎడమ_అంచు:

ట్రాక్ మంచి ఎంపిక. 2023 అక్టోబరులో తెరిచిన ఈ 23 కిలోమీటర్లలో రెండు పాయలున్నాయి: నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5. పైన సోలార్ కప్పు కాబట్టి నీడ ఉంటుంది. వెడల్పు 4.5 మీటర్లు, కానీ ఎదురుగా వేగంగా వచ్చేవాళ్లుంటారు. పిల్లల్ని ఎడమకే ఉంచండి. వచ్చే ఇబ్బందల్లా తిరుగు దారిలోనే. పోయేటప్పుడు పిల్లలు అలసట చెప్పరు. పాపకు మొదట్లో 2 కి.మీ. పోయి 2 రావడం, బాబుకు 5 పోయి 5 రావడం చాలు. ‘చాలు’ అనకముందే వెనక్కి తిప్పండి. ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు నీళ్లు, దాహం వేసేదాకా ఆగొద్దు.

రోడ్డెక్కే ముందు ఖాళీ స్థలంలో బాబుతో ఇవి చేయించండి. 12 కి.మీ. వేగంతో వచ్చి సుద్దగీత దగ్గర ఐదుకు ఐదుసార్లు ఆగడం. ఎడమ చేత్తో మాత్రమే 20 మీటర్లు తొక్కడం. అన్నిటికంటే కష్టమైనది, కుడి భుజం మీదుగా వెనక్కి చూసి మీరు చూపిన వేళ్లెన్నో చెప్పడం, అడుగున్నర వెడల్పు గీతల మధ్య నుంచి జరక్కుండా. తల తిరిగిన వైపే హ్యాండిల్ తిరగడం పిల్లల సహజ గుణం. అందుకే రోడ్డు మీద పేరు పెట్టి పిలవకండి, వెంటనే వెనక్కి చూస్తారు. ‘ఆగు’, ‘గుంట’, ‘ఎడమ’, ‘బండి’ అనే నాలుగు మాటలు చాలు. విన్నట్టు వాళ్లు తిరిగి అనాలి.

బ్రేకు రెండు చేతులా కలిపి నొక్కడం నేర్పండి. ఏ లివరు ఏ చక్రానిదో ముందు మీరు చూసుకోండి, అన్ని సైకిళ్లలో ఒకేలా ఉండదు.

రోడ్డు మీద ఒకరు ముందు, ఒకరు వెనక. వెనక ఉన్నవాళ్లు పిల్లల కంటే అర మీటరు కుడికి జరిగి ఉంటే, వచ్చే బండికి ముందు మీరే కనిపిస్తారు. పిల్లలు అంచుకు మరీ ఆనుకోకూడదు, ఒక మీటరు లోపలికి ఉండాలి. ఇసుక, మ్యాన్‌హోలు, ఆగిన కారు తలుపు, రాంగ్ రూట్‌లో వచ్చే బండి అన్నీ అంచునే. ఎదురుగా అలాంటి బండి వస్తే కుడికి తప్పుకోవద్దు, ఆగిపోవాలి. ముందున్న మీ వెనక చక్రానికీ పిల్లల ముందు చక్రానికీ మధ్య రెండు సైకిళ్ల దూరం ఉండాలి. రాసుకుంటే పడేది వెనకవాళ్లే. కుడి మలుపులు తొక్కుతూ వద్దు, దిగి నడిపించుకుంటూ దాటండి.

కోకాపేట_గేర్:

అందరికీ ధన్యవాదాలు. ఒక్కరమే ఇద్దరినీ తీసుకెళ్లాల్సొస్తే?

ఎడమ_అంచు:

రోడ్డు మీదికి వద్దు, ట్రాక్ మీదికైతే సరే. పాప ముందు, బాబు మధ్యలో, మీరు చివర. వేగం పాపది. బాబుకు విసుగొస్తే ‘ఆ స్తంభం దాకా వెళ్లి ఆగు’ అనండి, కంటికి కనిపించేంత దూరమే.

పానా_15:

బయల్దేరే ముందు ఇంకోటి. పిల్లల సైకిళ్ల ట్యూబులకు మోటారుబైకు వాల్వు ఉంటే మీ రోడ్ బైక్ పంపు తల పట్టదు, సన్న వాల్వు పంపుకు అడాప్టరు జేబులో వేసుకోండి. చిన్న చక్రం నట్లకు 15 పానా కూడా కావాలి, మీ మల్టీటూల్‌లో అది ఉండదు.