వరదల సీజన్‌లో హౌస్‌బోటు కట్టేసేటప్పుడు మంచినీళ్ళ పైపుల్లో గులాబీ రంగు కూలెంట్ పొయ్యొచ్చా?

డిండి రేవు:
నమస్కారమండి. కోనసీమలో డిండి దగ్గర రెండు గదుల హౌస్‌బోటు. ఎర్రనీళ్ళు రాగానే తిప్పడం ఆపేసి, జులై నించి అక్టోబరు దాకా రేవులో కట్టేసి ఉంచాలి. మంచినీళ్ళ ట్యాంకు 500 లీటర్లు, ప్రెషర్ పంపు, రెండు బాత్‌రూములు, ఒక కిచెన్ సింకు. డీజిల్ ఇంజను, హీట్ ఎక్స్ఛేంజర్ రకం (లోపల తిరిగే నీళ్ళని విడి గొట్టాల్లో పోయే నది నీళ్ళు చల్లబరుస్తాయి), లోపల తిరిగే నీళ్ళు 12 లీటర్లు. వేణ్ణీళ్ళ ట్యాంకు 40 లీటర్లు. ఇంజను వేడినీళ్ళు దాని లోపల చుట్ట పైపులోంచి పోతాయి, కరెంటు రాడ్డు కూడా ఉంది. బోటు కట్టేసే ముందు అమెరికా వాళ్ళు గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (నీళ్ళు గడ్డకట్టకుండా ఆపే ద్రవం) పైపుల నిండా నింపడం వీడియోల్లో చూశాను. మన స్పేర్ పార్ట్స్ షాపులో అదే రంగు కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) దొరుకుతోంది. అది పోస్తే చాలా?

లాంచీ మెకానిక్:
పొయ్యకండి. ఆ రెండూ రంగులో ఒకటే కానీ సరుకు వేరు. అక్కడ పైపుల్లో పోసేది ప్రొపిలీన్ గ్లైకాల్. మన షాపుల్లో కార్లకీ ట్రాక్టర్లకీ అమ్మే కూలెంట్ దాదాపు అంతా ఇథిలీన్ గ్లైకాల్, అది విషం. రంగు కంపెనీ ఇష్టం, దానికి ఏ ప్రమాణమూ లేదు. డబ్బా వెనక రసాయనం పేరు చదవాలి. పేరు రాసి లేకపోతే ఇథిలీన్ అనే అనుకోండి.

తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలూ కుక్కలూ తాగేస్తారు. పెద్దమనిషికి సుమారు 100 మిల్లీలీటర్లు ప్రాణం తీస్తాయి, పిల్లలకి అంతకంటే చాలా తక్కువ చాలు. మొదటి కొన్ని గంటలు తాగినవాడిలా తూలుతుంటాడు గానీ ప్రమాదంలా కనపడదు. ఆ తర్వాత అది ఒంట్లో ఆక్సాలిక్ ఆమ్లంగా మారి కిడ్నీల్ని పట్టుకుంటుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. డబ్బా కూడా పట్టుకుని, డయాలసిస్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలి. మిగిలిన కూలెంట్ కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచడం దయచేసి మానండి.

అసలు మీకు ఆ అవసరమే లేదు. నీళ్ళు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బి పైపుల్ని పగలగొడతాయి, అక్కడి వాళ్ళ తిప్పలు దానికి. డిండిలో మాఘమాసంలో కూడా నీళ్ళు గడ్డకట్టవు కదండీ. పైగా ప్రొపిలీన్ గ్లైకాల్‌నే తెచ్చి పోసినా, పైపుల్లో మిగిలిన నీళ్ళతో కలిసి 20 శాతం కంటే పలచబడితే మన వేడికి బ్యాక్టీరియాకి అదే తిండి. అక్టోబరులో కుళాయి తిప్పితే జిగురూ కంపూ వస్తాయి.

పైపుల పని:
మీ పైపులకి కావలసింది ఖాళీగా ఉండడం. ముందు కరెంటు రాడ్డు మెయిన్ తీసెయ్యండి, లేకపోతే నీళ్ళు దిగిన ట్యాంకులో రాడ్డు కాలిపోతుంది. రెండు ట్యాంకుల అడుగు ప్లగ్గులూ తీసి నీళ్ళు వదిలి, కుళాయిలన్నీ, వేడివైపువి కూడా, గాలి తన్నేదాకా పంపు నడిపి ఆపండి. పల్లంలో ఉన్న జాయింట్లు విప్పండి, అసలు నీళ్ళు నిలిచేది అక్కడే. తర్వాత కంప్రెసరు గాలి 2 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) దాటకుండా కొట్టండి. మన బోట్లలో సీపీవీసీ (ప్లాస్టిక్) పైపుల జాయింట్లు ఊపుకి ముందే వదులై ఉంటాయి, 4 బార్ కొడితే గోడలోపల విడిపోతాయి. పంపు ముందున్న జల్లెడ కడిగి ఆరబెట్టండి. కుళాయిలు తెరిచే ఉంచండి, ట్యాంకు గాలి గొట్టానికి దోమతెర కట్టండి.

సింకు కింద వంపు పైపులో మాత్రం నీళ్ళు ఉండాలి, లేకపోతే మురుగు ట్యాంకు వాసన గదుల్లోకి వస్తుంది. అవి ఆవిరైపోకుండా పైన రెండు చెంచాల లిక్విడ్ పారాఫిన్ వెయ్యండి. వంటనూనె వద్దు, ముక్కిపోతుంది.

తిరిగి తెరిచేటప్పుడు 500 లీటర్లకి తాజా బ్లీచింగ్ పౌడరు 75 గ్రాములు. అందులో క్లోరిన్ 33 శాతం ఉంటే 50 పీపీఎం (పది లక్షల పాళ్ళ నీళ్ళకి 50 పాళ్ళ క్లోరిన్) వస్తుంది. బకెట్టులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేటే పొయ్యండి, మడ్డి పోస్తే జల్లెడ పూడుతుంది. ప్రతి కుళాయిలోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి, 4 గంటలు ఉంచి, పూర్తిగా వదిలి, మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి. పాత పొట్లం వాడకండి, మన తేమకి దాని బలం ఎప్పుడో పోయుంటుంది.

డిండి రేవు:
చాలా థాంక్సండి. మరి ఇంజనులో? పాత కూలెంట్ ఆకుపచ్చది. అక్కడ కూడా వద్దా, మామూలు నీళ్ళు చాలా?

లాంచీ మెకానిక్:
ఇంజనుకి తప్పకుండా కావాలి, చలికి కాదు, తుప్పుకి. బోరు నీళ్ళు అసలు పొయ్యకండి. కోనసీమ కింద భాగంలో బోరంటే ఉప్పే, ఆ క్లోరైడు అల్యూమినియం హెడ్డునీ లైనర్లనీ తినేస్తుంది. మన వేడికి 33 శాతం సరిపోతుంది. మీ 12 లీటర్లకి 4 లీటర్ల కాన్సంట్రేటు (నీళ్ళు కలపని కూలెంట్), 8 లీటర్ల డిస్టిల్డ్ వాటరు. గ్లైకాల్ ఎక్కువైతే నీళ్ళంత వేడి మొయ్యలేదు, కాబట్టి చిక్కగా పోస్తే మేలు అనుకోవద్దు. పాత ఆకుపచ్చదాన్ని పూర్తిగా దించి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగాకే కొత్తది పొయ్యండి. పడని రకాలు కలిస్తే జెల్లీలా గడ్డకట్టి హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాలు మూసుకుపోతాయి.

కానీ మీ దాంట్లో అసలు ప్రమాదం ఆ చుట్ట పైపు దగ్గర. దానికి ఒక్క చిల్లు పడితే ఇంజను కూలెంట్ స్నానం నీళ్ళలోకి వస్తుంది. పంపు నడుస్తున్నప్పుడు నీళ్ళ ఒత్తిడి ఎక్కువ కాబట్టి నీళ్ళే ఇంజనులోకి పోయి, కూలెంట్ బాటిల్ పొంగుతుంది. పంపు ఆపి ఇంజను నడిపితే ఎదురు తిరుగుతుంది. బయట చుక్క కారకుండా బాటిల్‌లో మట్టం పెరిగినా తగ్గినా ముందు ఆ చుట్టనే అనుమానించండి. అలాంటి అమరిక ఉన్న బోటుకి ఇంజన్ల కోసం చేసిన ప్రొపిలీన్ గ్లైకాల్ కూలెంటే పొయ్యాలి. ఉత్త ఫుడ్ గ్రేడ్ ప్రొపిలీన్ గ్లైకాల్ కొని పొయ్యకండి, అందులో తుప్పుని ఆపే మందులుండవు. దొరక్కపోతే చుట్టకి వెళ్ళే రెండు హోసుల్నీ విప్పి, ఇత్తడి జాయినరుతో ఒకదానికొకటి కలిపెయ్యండి. వేణ్ణీళ్ళకి కరెంటు రాడ్డు చాలు. అప్పుడు ఇథిలీన్ రకం నిశ్చింతగా వాడుకోవచ్చు.

నది నీళ్ళు తిరిగే వైపు మాత్రం ఏ గ్లైకాలూ వద్దు. బకెట్టులోంచి చప్పనీళ్ళు పీల్పించి 15 నిమిషాలు ఇంజను నడిపితే ఉప్పూ వండ్రూ పోతాయి. నీళ్ళు అందకుండా ఒక్క నిమిషం నడిచినా ఇంపెల్లర్ (నది నీళ్ళు తోడే పంపులోని రబ్బరు చక్రం) కాలిపోతుంది. తర్వాత దాన్ని తీసి విడిగా పెట్టండి, లోపలే ఉంచితే రబ్బరు రెక్కలు వంగి అలాగే బిగుసుకుపోతాయి. తిరిగి పెట్టేటప్పుడు గ్రీజు కాదు, గ్లిజరిన్ రాయండి.

రొయ్యల చెరువు గట్టు:
దించిన పాత కూలెంట్ గురించి ఎవరూ చెప్పలేదు. అది పంట బోదెలోకో వశిష్ఠ గోదావరిలోకో వదలకండి. విషం సంగతి అటుంచి, గ్లైకాల్ కుళ్ళేటప్పుడు నీళ్ళలో ప్రాణవాయువుని పీల్చేస్తుంది. ఆ బోదె నీళ్ళు ఎవరి చెరువులోకి తోడినా తెల్లారేసరికి రొయ్యలు నీటి పైకి తేలతాయి. ఇది ప్రొపిలీన్ రకానికీ వర్తిస్తుంది, మనిషికి మంచిదైనంత మాత్రాన చెరువుకి మంచిది కాదు. మూత బిగించిన క్యాన్‌లో పోసి, పైన పేరు రాసి, వాడిన ఇంజన్ ఆయిల్ తీసుకునే అనుమతి ఉన్నవాళ్ళకి ఇవ్వండి. ఆయిల్‌తో కలపకండి, కలిపితే వాళ్ళు తీసుకోరు.

డిండి రేవు:
హోసులు విప్పి కలిపేస్తానండి. మరి చుట్టలో మిగిలిన పాత ఆకుపచ్చది?

లాంచీ మెకానిక్:
ఒక చివర గాలి కొట్టి క్యాన్‌లోకి దించండి, చప్పనీళ్ళతో మూడుసార్లు కడిగి, ఆ కడిగిన నీళ్ళు కూడా అదే క్యాన్‌లో. రెండు చివరలకీ ప్లగ్గులు బిగించే ముందు ఒకసారి పరీక్ష చెయ్యండి. ఒక చివర మూసి, రెండో చివర నించి చుట్టకి 3 బార్ గాలి పట్టించి అరగంట మీటరు చూడండి. ముల్లు దిగితే చిల్లు ఉన్నట్టే. అలాగైతే ఆ ట్యాంకుని ఇక స్నానానికి వాడకండి, మార్చెయ్యండి.