మే, మైట్, కుడ్ నోటికి అలవాటు కావాలంటే ఎలా సాధన చేయాలి?

ఇంగ్లిష్ భాషా సామర్థ్యాన్ని పరీక్షించే ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ (మాట్లాడే) పరీక్షకు సిద్ధమవుతున్నాను. మూడో భాగంలో నాలుగైదు నిమిషాల చర్చ ఉంటుంది కదా, అక్కడ ‘ఇరవై ఏళ్ల తర్వాత నగరాల్లో ప్రయాణం ఎలా ఉంటుంది?’ వంటి ప్రశ్న ఎదురైతే ప్రతి వాక్యంలోనూ ‘విల్’ తప్ప మరొకటి నోట రావడం లేదు. జరగవచ్చు, జరగకపోవచ్చు అనాల్సిన చోట కూడా జరిగి తీరుతుందన్నట్టే చెబుతున్నాను.

వ్యాకరణం తెలుసు. రేపు వాన పడవచ్చు అనడానికి మే, మైట్, కుడ్ సరిపోతాయి, ‘కెన్’ కుదరదు. పడకపోవచ్చు అనాలంటే ‘మైట్ నాట్’ అనాలి, ‘కుడ్ నాట్’ అంటే అర్థమే మారిపోతుంది. ఖాళీలు పూరించే అభ్యాసాలు ఎన్ని చేసినా మాటలో మార్పు రాలేదు, ఇక వాటితో లాభం లేదనిపిస్తోంది.

మాట్లాడేందుకు జోడీ ఎవరూ లేరు. ఒంటరిగా, గొంతెత్తి చేయగల సాధన ఏదైనా మీకు పనిచేసిందా? రోజూ వాతావరణ సూచననో, క్రికెట్ మ్యాచ్ ఫలితాన్నో ఊహించి చెబుతూ ఫోనులో రికార్డు చేసుకుంటే సరిపోతుందా? దయచేసి మీ పద్ధతి వివరంగా చెప్పండి.