అచ్చు ఆగిపోయిన బోర్డు గేమ్‌ని చట్టం దాటకుండా బతికించుకోవడం ఎలా?

మేం ఏళ్లుగా ఆడుతున్న ఒక యుద్ధం బోర్డు గేమ్ అచ్చు ఆగిపోయి చాలాకాలమైంది. కంపెనీ మూతపడింది. హక్కులు ఎవరి చేతికి వెళ్లాయో అంతు చిక్కడం లేదు. మ్యాపు మడత దగ్గర చిరుగుతోంది, కార్డుల మీద అంకెలు చేతుల రాపిడికి చెరిగిపోతున్నాయి. ఇవి పోతే ఆటే పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

నాకు తెలిసి ఆట ఆడే పద్ధతికి కాపీరైట్ ఉండదు. రూల్‌బుక్‌లోని రాతకి, బొమ్మలకి ఉంటుంది. పేరుకి ట్రేడ్‌మార్క్ వేరే. అమ్మడం మానేసినంత మాత్రాన హక్కులు పోవు. అమెరికాలో కంపెనీ పేరున వచ్చినవాటికి మామూలుగా ప్రచురణ నుంచి 95 ఏళ్లు! అప్పటికి ఈ అట్టముక్కలూ మిగలవు, ఆడినవాళ్లూ మిగలరు.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ (ఆటగాళ్లు పాత్రలు ధరించి ఆడే ఆట) పాత నియమాలను 2006లో ఓస్రిక్ పేరుతో కొత్తగా రాశారు. వాళ్లకు 2000లో వచ్చిన ఓపెన్ గేమ్ లైసెన్స్ (ఆట నియమాలను ఇతరులూ వాడుకోవచ్చని ఇచ్చిన బహిరంగ అనుమతి) ఆసరా ఉంది. మా ఆటకి అలాంటిదేమీ లేదు.

రూల్స్ మొత్తం మా మాటల్లో రాసి, మ్యాపు కొత్తగా గీసి, వేరే పేరుతో ఉచితంగా పంచుకుంటే సరిపోతుందా? గళ్ల అమరిక మారిస్తే ఆట బ్యాలెన్స్ చెడిపోతుంది, దాన్ని అలాగే ఉంచితే కాపీ కిందకి వస్తుందా? కార్డుల మీద ఉండే ఒకటి రెండు వాక్యాల సంగతేంటి? అన్నిటికంటే ముందు, మూతపడిన కంపెనీ హక్కుదారుని ఎలా వెతకాలి? ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి.