కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు మా ఊరి నీళ్ల మీద చేయవచ్చా?

మెట్ట ఊరి అమ్మాయి:

అందరికీ నమస్కారం. నేను కావలిలో బీఎస్సీ మొదటి సంవత్సరం పూర్తి చేశాను. మాది ఉదయగిరి వైపు మెట్టలో ఒక చిన్న పంచాయతీ. ఈ సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. 180 గంటల పని, లాగ్ బుక్, నివేదిక, చివర వైవా. సీనియర్లను అడిగితే, "ఫారాలు ఇంట్లో కూర్చుని నింపెయ్, సర్పంచ్ గారి సంతకం తెచ్చుకో, అయిపోతుంది" అంటున్నారు. నాకు అలా చేయాలని లేదు.

మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. మా తమ్ముడి పళ్ల మీద గోధుమ రంగు చారలున్నాయి. నానమ్మ కింద కూర్చుంటే ఇంకొకరు చేయి పట్టుకుని లేపాలి. అది వయసు వల్లా, నీళ్ల వల్లా అన్నది ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కాలేజీ ఇచ్చిన ప్రశ్నావళిలో ఇల్లు సొంతమా, టీవీ ఉందా అంటూ నలభైకి పైగా ప్రశ్నలున్నాయి. నీళ్ల మీద ఒక్కటే: "తాగునీటి సౌకర్యం ఉందా? ఉంది, లేదు." ఈ విషయం మీద పనిచేస్తే పంచాయతీలో నిజంగా ఏదైనా కదులుతుందా? మేము ముగ్గురం ఆడపిల్లలం, ఎవరికీ బండి కూడా లేదు.

పలక బలపం (విశ్రాంత ఉపాధ్యాయిని, కలిగిరి):

అమ్మా, తప్పకుండా చేయండి. బండి అక్కర్లేదు, మీ ఊరి పనికి కాళ్లు చాలు.

మెట్ట ఊళ్లలో చాలాకాలం పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. "ఏ నీళ్లు తాగుతారు?" అని అడిగితే ప్రతి ఇంట్లోనూ "ప్లాంటు నీళ్లు" అంటారు. నిజమే, క్యాను కొంటారు. కానీ మీరు అడగవలసింది ఎసట్లో ఏ నీళ్లు పోస్తారని. డబ్బు పెట్టి కొన్న నీళ్లు అన్నానికి, పప్పుకు, సంగటికి పోయడానికి చేయి రాదు. వంటకు బోరు నీళ్లే. ఆ ఫ్లోరైడ్ అంతా కంచంలోకి వస్తుంది. కాచితే పోతుందనుకునే వాళ్లు మీకు ఇంటింటా కనిపిస్తారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ప్లాంటు వాళ్లు ఒక చిన్న మీటరు ముంచి అంకె చూపిస్తారే, అది నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చెబుతుంది తప్ప ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. ఈ మూడు సంగతులు ఊరికి తెలిస్తే చాలు, మీరు తిరిగిన ఎండకు ఫలితం దక్కినట్టే.

ఇక కదలిక సంగతి. మన నెల్లూరు జిల్లాలో 1990 దశకం మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు నేను కొత్తగా చేరిన టీచరును. రాత్రి బడుల్లో పాఠాలు చెప్పిన వాలంటీర్లు చాలామంది మీ వయసు వాళ్లే. మా బడిలో ఒకామె కూడికలు వచ్చిన కొద్దిరోజులకే, తన మగడు వారంలో సారాకు పోసే డబ్బు పలక మీద కూడుకుని, ఆ పలకను ఎత్తి అందరికీ చూపింది. 1992లో దూబగుంట రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణానికి ఎదురు నిలిచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ నిషేధం సాధించింది వాలంటీర్లు కాదు, లెక్క తెలిసిన ఆడవాళ్లు. కాబట్టి మీ లెక్కలను నేరుగా పంచాయతీకి తీసుకెళ్లకండి. ముందు పొదుపు సంఘం సమావేశంలో చదివి వినిపించండి. ముగ్గురు విద్యార్థినులు అడిగితే "చూద్దాంలేమ్మా" అంటారు. సంఘం సభ్యులు అడిగితే అలా తప్పించుకోవడం ఎవరికైనా కష్టం.

సచివాలయం ఇంజినీరు:

నేను గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటును. టీచరు గారు చెప్పింది అక్షరాలా నిజం. పని జరిగే తీరు నేను చెబుతాను.

ఒకే ఊళ్లో ఒక బోరుకూ ఇంకొక బోరుకూ ఫ్లోరైడ్ చాలా తేడాగా ఉండవచ్చు. అందుకే ముందు బోర్లన్నీ ఒక పటం మీద గుర్తించండి. పరీక్ష కిట్ ఉందేమో సచివాలయంలో అడగండి. కిట్‌లో రంగు పోల్చి చూసేది అంచనా మాత్రమే. అనుమానం ఉన్న నమూనాను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపాలి. గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. బోరు నీళ్లు కాసేపు పారనిచ్చి, అదే నీళ్లతో సీసాను రెండు మూడుసార్లు కడిగి నింపండి. ఏ బోరు, ఏ తేదీ, ఎన్ని గంటలకు అన్నది అక్కడే రాసి అంటించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉంటే మంచిది. వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు.

"నీటి సమస్య పరిష్కరించండి" అని అర్జీ ఇస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది. ఫలానా బోరును ట్యాంకు నుంచి తప్పించండి, ఫలానా చేతిపంపు నీళ్లు తాగొద్దని తెలిసేలా దానికి ఎర్ర రంగు వేయండి, తక్కువ ఫ్లోరైడ్ ఉన్న ఫలానా బోరు నుంచి ఎస్సీ కాలనీకి పైపు వేయండి అని రాయండి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించింది. మీ పంచాయతీలో ఆ డబ్బు దేనికి ఖర్చయిందో చూపమని అడిగే హక్కు మీకుంది. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

టీచరు గారితో ఒక్కచోట విభేదిస్తాను. సంఘంలో చదవడానికి ముందే పంచాయతీ కార్యదర్శికి ఒక కాపీ ఇవ్వండి. సభలో హఠాత్తుగా నిలదీస్తే ఆయన జవాబు వెతుక్కోవడం మానేసి, మీ మీద కోపం తెచ్చుకుంటారు. ముఖ్యంగా, తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాసేదాకా లేవకండి.

ఒంగోలు డిగ్రీ:

గైడ్ మార్కులు వేసేది ఆ నలభై ప్రశ్నల ఫారానికే అక్కా. అది కూడా పూర్తి చేయండి, నీళ్ల ప్రశ్నలు విడి కాగితం మీద పెట్టుకోండి. రెండిటికీ ఒకే నడక సరిపోతుంది.

మెట్ట ఊరి అమ్మాయి:

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. బడిపిల్లల పళ్లు ఫోటో తీసి నివేదికలో పెడితే బలంగా ఉంటుందని మా స్నేహితురాలు అంటోంది. పెట్టవచ్చా?

పలక బలపం:

వద్దమ్మా. ఆ చారలకే నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లల్ని చూశాను. రేపు ఆ ఫోటో ఊరంతా ఫోన్లలో తిరుగుతుంది. హెడ్‌మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకుని, తరగతివారీగా ఎంతమందికి చారలున్నాయో లెక్క మాత్రమే రాయండి. పేర్లు వద్దు. ఆ పిల్లల ఇళ్లు ఏ బోరు కింద ఉన్నాయో పక్కన రాయండి. ఇంజినీరు గారు చెప్పిన పటానికి అది జత అవుతుంది. మీ నానమ్మను మాత్రం ఈలోపే డాక్టరుకు చూపించండి, ప్రాజెక్టు అయ్యేదాకా ఆగకండి.